మా గుడి పాత కంప్యూటర్‌ని పారెయ్యకండి

ఈసారి కొత్త మాటల పట్టిక లేదు. ఈసారి కోపం ఉంది. ఇంగ్లీషులో కోప్పడి కోప్పడి విసుగొచ్చింది కాబట్టి తెలుగులో రాస్తున్నాను. తప్పులుంటే దిద్దండి. వాదన నచ్చకపోతే నాతో వాదించండి.

డర్బన్‌లో మా గుడి ఆఫీసులో ఒక కంప్యూటర్ ఉంది. 2013లో కొన్నాం. అర్చన రసీదులు, హాలు బుకింగులు, విరాళాల లెక్క అన్నీ అందులోనే. 2025 పెరటాసిలో మూడో శనివారం బయట నలభై మంది వరుసలో నిలబడి ఉండగా అది మొరాయించింది. (ఈ మాట నాకు మా మేనత్త దగ్గర దొరికింది. బండి లాగనని ఎద్దు మొండికేస్తే మొరాయించింది అంటారట. మా కంప్యూటర్‌కి ఇంతకంటే మంచి మాట లేదు.) ఆ రోజు రసీదులన్నీ నేను పుస్తకంలో చేత్తో రాశాను. సాయంత్రానికి వేళ్ళు నొప్పి పుట్టాయి.

మర్నాడే కమిటీ కూర్చుంది. పది నిమిషాల్లో తేల్చేశారు. కొత్తది కొనాలి, ప్రింటర్‌తో కలిపి 16,000 రాండ్లు. "పాతది కదా అక్కా, ఇంక దాని పని అయిపోయింది" అన్నారు మా కార్యదర్శి. అదే మీటింగులో వంటశాల కప్పు కారుతోందంటే మాత్రం డబ్బు లేదన్నారు.

నేను ఒక్కటే అడిగాను. అది ఎందుకు నెమ్మదిగా ఉంది? ఎవరికీ తెలీదు. "పాతది కాబట్టి" అన్నారు. నాకు అరవై ఆరేళ్ళు. పాతది కాబట్టి నెమ్మది, నెమ్మది కాబట్టి పారెయ్యాలి అంటే నాకు ఎక్కడో తగిలింది, ఒప్పుకుంటాను. కానీ నా బాధ పక్కన పెట్టినా అది జవాబు కాదు. కారు ఆగిపోతే ముందు బానెట్ ఎత్తి చూస్తాం కదా!

మా తమ్ముడి కొడుకు ఆదివారం వచ్చి చూశాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. "అత్తా, ఇటు చూడు" అన్నాడు. ప్రాసెసర్ పది శాతం కూడా పని చెయ్యడం లేదు. డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర కూర్చుంది. అంటే లోపల మెదడు ఖాళీగా ఉంది, సామాను తెచ్చిచ్చేవాడి కోసం ఎదురుచూస్తోంది.

పాత హార్డ్ డిస్క్‌లో పళ్ళేలు తిరుగుతూ ఉంటాయి. మా దాంట్లో నిమిషానికి 7,200 సార్లు. చిన్న చెయ్యిలాంటిది వాటి మీద అటూ ఇటూ కదిలి ఒక్కో ముక్క వెతికి తెస్తుంది. పండగ రోజు స్టోరు గదికి ఒకే మనిషి, ఆ మనిషే బియ్యం తేవాలి, ఆకులు తేవాలి, కర్పూరం తేవాలి. వంటవాళ్ళు ఎంతమంది ఉంటే ఏం లాభం? ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు, కాబట్టి వెతకడానికి ఆ ఆలస్యం లేదు. పైగా లోడ్ షెడ్డింగ్ రోజుల్లో చెప్పకుండా కరెంటు పోయి మా డిస్క్ ఎన్నిసార్లు నడుస్తూ నడుస్తూ ఆగిందో లెక్కలేదు. 2023 మనందరికీ గుర్తుంది.

500 రాండ్లకి ఒక ఎస్‌ఎస్‌డీ, ఇంకో 300కి ఎవరో వాడిన 4 జీబీ మెమరీ. అది నా సొంత డబ్బు. పాత డిస్క్‌లో ఉన్నదంతా కొత్తదానిలోకి కాపీ అవడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. ఇదివరకు స్విచ్ వేసి, వెళ్ళి కుందులు తోమి వచ్చేదాన్ని. ఇప్పుడు కుర్చీ సర్దుకునేలోపు తెరుచుకుంటుంది.

కార్యదర్శిగారి రెండో వాదన బలమైనది. అది నేను దాచను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆపేసింది. ఇక రక్షణ కోసం వచ్చే అప్‌డేట్లు మునుపటిలా వాటంతట అవే రావు. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. మాది మూడో తరం. భక్తుల ఫోన్ నంబర్లూ విరాళాల వివరాలూ ఉన్న కంప్యూటర్‌ని అలా ఇంటర్నెట్‌కి వదిలేస్తే తప్పే. ఈ మాట ఆయన అన్నప్పుడు నేను తల ఊపాను.

కానీ దానికి మందు 16,000 రాండ్లే అని ఎవరన్నారు? లినక్స్ మింట్ ఉచితం. దాన్ని ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, లోపల ఏదీ చెరపకుండా. మేం చూశాం. మా ప్రింటర్ పని చేసింది. రసీదుల ఎక్సెల్ ఫైలు లిబ్రెఆఫీస్‌లో తెరుచుకుంది. తెలుగు కీబోర్డు కూడా ఉంది. కౌంటర్‌లో కూర్చునే ఇద్దరు ఆంటీలు మొదటి రోజు గొణిగారు, మూడో రోజుకి మానేశారు. ఇది అందరికీ సరిపోతుందని నేను అనను. వీడియోలు కట్ చేసేవాళ్ళకి, మీ ఆఫీసు సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడిచేవాళ్ళకి కొత్తది అవసరం కావచ్చు. కొనండి. గుడికి రసీదు కొట్టడానికి మాత్రం వద్దు.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు సంగతి. నా కోపం దాని మీద కాదు.

ఆ కంప్యూటర్‌లో 74 తెలుగు ఫైళ్ళు ఉన్నాయి. మా గుడిలో ఒక పెద్దాయన ఉండేవారు, నాలుగేళ్ళ కింద పోయారు. మేం అందరం ఆయన్ని తాతా అనేవాళ్ళం. కర్మకాండల్లో ఏది ముందు ఏది వెనక, భజన పాటల వరసలు, ఏ ఇంటివాళ్ళు విశాఖపట్నం వైపు నుంచి వచ్చారు, ఎవరు ఉత్తర ఆర్కాట్ నుంచి వచ్చారు, ముసలివాళ్ళు చెప్పింది చెప్పినట్టు టైపు చేసి పెట్టారు. 1860 నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళ ఇళ్ళలో మాటలు ఎలా ఉండేవో అందులో ఉంది. నాబోటివాళ్ళకి బడిలో ఇంగ్లీషు, ఇంట్లోనూ ఇంగ్లీషే. మాకు మిగిలింది అదే.

ఆ ఫైళ్ళు యూనికోడ్‌లో లేవు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ తన సొంత నంబరు ఉంటుంది, అందుకే మీ ఫోన్‌లోనూ నా ఫోన్‌లోనూ ఒకేలా కనిపిస్తుంది. పాత ఫాంట్లు అలా కాదు. ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీద తెలుగు బొమ్మలు అతికించారు. ఆ ఫాంటు ఉంటే తెలుగు. లేకపోతే అర్థం లేని ఇంగ్లీషు గుర్తుల గందరగోళం. ఒక్కో ఫాంటు తయారుచేసినవాళ్ళు ఒక్కోలా అతికించారు, కాబట్టి ఒకదాని కన్వర్టర్ ఇంకోదానికి పనికిరాదు. తాత 2013లో ఫైళ్ళతో పాటు ఫాంటుని కూడా ఈ కంప్యూటర్‌లోకి మోసుకొచ్చారు. ఇంకెక్కడా లేదు.

కమిటీ ఏం చెయ్యబోయిందో తెలుసా? డాక్యుమెంట్ల ఫోల్డర్ ఒక్కటి కాపీ చేసి, మిగతాది రీసైక్లింగ్‌కి ఇచ్చేద్దామన్నారు. 2021 నుంచి ఈ దేశంలో ఇలాంటివి చెత్త దిబ్బలో పూడ్చకూడదు కదా, చాలా మర్యాదగా ఇచ్చేద్దామన్నారు. ఫాంట్లు వేరే ఫోల్డర్‌లో ఉంటాయని ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు, నిజం చెప్పాలి. మా మేనల్లుడు కాపీ చేసి తన ల్యాప్‌టాప్‌లో ఒక ఫైలు తెరిస్తే గందరగోళం కనిపించింది, అప్పుడు తెలిసింది. నేను భయపడి కార్యదర్శిగారికి ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "అక్కా, అవి ఇప్పుడు ఎవరు చదువుతారు?" అన్నారు.

నేను చదువుతాను. ఇది చదువుతున్న మీరు చదువుతారు. మెల్లగా, వేలు పెట్టి, ఒత్తుల దగ్గర ఆగి ఆగి చదువుతాం. అది చదవడం కాదా?

ఇంకోవైపువాళ్ళని కూడా వదలను. "దాన్ని ముట్టుకోవద్దు, తాతగారి జ్ఞాపకం" అని కంప్యూటర్ మీద గుడ్డ కప్పిన ఒక అన్న ఉన్నారు మా దగ్గర. పన్నెండేళ్ళు తిరిగిన డిస్క్ ఏ రోజైనా పోవచ్చు. ఒక్క కాపీ కూడా తీయకుండా దణ్ణం పెడితే ఏం మిగులుతుంది? పాత డిస్క్ ఇప్పుడు బీరువాలో ఉంది. ఫైళ్ళూ ఫాంటూ రెండు పెన్‌డ్రైవ్‌లలో ఉన్నాయి, ఒకటి నా ఇంట్లో, ఒకటి మా తమ్ముడింట్లో.

రోజూ సాయంత్రం హారతి అయ్యాక ఒక పేజీ తెరపై చూస్తూ యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేస్తున్నాను. ణ కీ ఎక్కడుందో ఇంకా వెతుక్కుంటాను. ఇప్పటికి పదకొండు ఫైళ్ళు అయ్యాయి. వచ్చే ఆదివారం మీటింగు ఉంది. ఆ పదకొండూ పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పట్టుకెళ్తాను. కార్యదర్శిగారి అమ్మమ్మ చెప్పింది అందులో మూడోది.