అచ్చంపేటకు సముద్రంతో ఏం పని?

ఏటా సెప్టెంబరు మూడో శనివారం ప్రపంచమంతటా స్వచ్ఛంద సేవకులు సముద్రపు ఒడ్డున చెత్త ఏరుతారు. మన యౌవనస్థులనూ బస్సెక్కించి విశాఖ తీసుకెళ్దామా అని అడిగేవారున్నారు. వద్దనము. అయితే ఆ సేవ ఎలా మొదలైందో ముందు తెలుసుకోవాలి.

1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో ఇద్దరు స్త్రీలు దీనికి పూనుకున్నారు. తొలిసారి 2,800 మంది వచ్చి 124 టన్నుల చెత్త ఎత్తారు. ఎత్తి ఊరుకోలేదు, దొరికిన ప్రతి వస్తువునూ కాగితం మీద లెక్క రాశారు. ఆ లెక్క వల్లనే చెత్త ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్నకు జవాబు వెదకడం వీలైంది. సముద్రంలోని ప్లాస్టిక్‌లో అధిక భాగం నేల మీద మనం పారవేసినదే.

అచ్చంపేట దగ్గరి వాగుల నీరు డిండిలోకి, డిండి కృష్ణలోకి పోతుంది. కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. నడుమ సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ ఉన్నాయి గదా, చెత్త ఆగిపోదా అనవచ్చు. కొంత ఆగుతుంది. ఆగినది చెరువు అడుగున, పశువు కడుపులో ఉంటుంది. గేట్లెత్తిన రోజున తేలినది కిందికి పోతుంది. హంసలదీవి వైపు ఇసుకలో చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఒక్కో గూటిలో సుమారు వంద. అటవీశాఖవారు, స్థానిక యువకులు రాత్రుళ్లు తిరిగి ఆ గుడ్లను కాపాడుతున్నారు. ఇంత శ్రమతో సముద్రంలోకి వదిలిన పిల్ల ప్లాస్టిక్ ముక్కను ఆహారమనుకొని మింగవచ్చు.

మన పక్కనే అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 2024 జులై నుండి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ నిషేధం. శ్రీశైలం రోడ్డు వెంట ప్రయాణికులు పడవేసినది ఏరడానికి అటవీశాఖ మనుషులను పెట్టవలసివచ్చింది. వారు ఏరే సంచిలో మన కూడికల నీళ్ల ప్యాకెట్లు, మన ఫ్లెక్సీ ముక్కలు లేవని చెప్పగలమా?

క్రిస్మస్, కోత పండుగ, ఉజ్జీవ సభలు, ప్రతి విందుకూ వందల ప్లేట్లు. కాగితపు ప్లేటే కదా అంటాము. దాని మీద మెరిసేది చాలాసార్లు ప్లాస్టిక్ పొరే. మన పల్లెల్లో మోదుగాకు విస్తళ్లు కుట్టడం తెలిసినవారు ఇంకా ఉన్నారు. వారి దగ్గర కొంటే నాలుగు రూపాయలు వారికీ దక్కుతాయి. లేదా సంఘం ఒక్కసారి స్టీలు పళ్లాలు కొనుక్కోవాలి.

విశాఖలో చేతితొడుగులు వేసుకొని ఫొటో దిగడం కంటే ఇది కష్టం. నెలకో శనివారం ఊరి వాగు దగ్గర రెండు గంటలు పనిచేసి, ఏరినది నోటుబుక్కులో రాసి, మున్సిపాలిటీ బండికి అప్పగించడం ఇంకా కష్టం. అడవి లోపలికైతే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

స్టీలు పళ్లాలనగానే తలవంచుకొని లెక్కవేసుకునేది స్త్రీలే. వండేదీ వారే, ఇక కడిగేదీ వారేనా? అలాగైతే ఈ మార్పు ఒక్క పండుగ కూడా నిలవదు. వచ్చే కోత పండుగకు కడిగేవారి జాబితా గుడి గోడకు అంటించండి. మొదట కాపరి పేరు, తరువాత పెద్దలవి.