ఏ పటమును నమ్మవలెను?

2022వ సంవత్సరము మార్చి 2వ తేదీన ఉక్రెయిను దేశమందలి భారత రాయబార కార్యాలయము ఖార్కివ్ నగరమున చిక్కుకొనిన మన పౌరుల కొక హెచ్చరికను వెలువరించెను. తక్షణమే నగరమును వీడి, వాహనములు దొరకనిచో కాలినడకనైనను, ఆ సాయంకాలము ఆరు గంటలలోగా పెసోచిన్, బాబాయ్, బెజ్లుదొవ్కా అను ఊళ్లకు చేరవలసినదని దాని సారాంశము. రైలు స్టేషనునుండి ఆ యూళ్లు వరుసగా 11, 12, 16 కిలోమీటర్ల దూరమున నున్నవి. ముందునాడే కర్ణాటకమునకు చెందిన విద్యార్థి యొకడు ఆ నగరమున గుండ్ల దాడికి బలియైయుండెను. వైద్యవిద్యకై ఆ దేశమునకేగిన మన తెలుగు పిల్లలు పెక్కురు. వారికి ఎన్నడును వినని మూడు పేరులు, చేత నొక ఫోను, ఆ ఫోనులో నొక పటము, ఇంతియే ఆధారము. ఇచట వారి తల్లిదండ్రులును ఆ పటమునే ముందిడుకొని రేయింబవళ్లు గడపిరి.

ఆ పటము బాటలను చూపెను. ఆ బాటలు ఎవరి చేతిలో నున్నవో చూపలేదు. శాంతికాలమున గీచిన పటము యుద్ధకాలమున సగము సత్యమే చెప్పును. అంతేకాదు, ఆ సగము సత్యము కూడ ఆయుధమగును. దండయాత్ర ఆరంభమైన ఫిబ్రవరి 24వ తేదీ తరువాత కొలది దినములకే గూగుల్ సంస్థ ఉక్రెయినులో వాహనముల రద్దీని చూపు ఏర్పాటును నిలిపివేసెను. జనులెచట గుమిగూడిరో శత్రువునకు తెలియరాదని కారణము. ఆ దేశపు రహదారుల శాఖ దారిసూచికల నూడబెరుకుడని ప్రజలకు పిలుపిచ్చెను. దారి తెలియకుండుటయే దేశరక్షణమైన దినములవి. అట్టి సమయమున పరదేశమునుండి వచ్చిన విద్యార్థి ఏ పటమును నమ్మవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందొక భేదమును గుర్తింపవలెను. యుద్ధమునబడిన దేశమునకు ఒక పటము కాదు, మూడు పటములుండును. పాలకులు తమదని చెప్పుకొను భూమిని చూపునది మొదటిది. లోకము న్యాయముగ నంగీకరించిన సరిహద్దులను చూపునది రెండవది. నేడు ఎవరి సైన్యమెచట నిలిచియున్నదో చూపునది మూడవది. అంతర్జాలమున ఈ మూడును ఒకే రంగులతో, ఒకే నిబ్బరముతో కనబడుచున్నవి. చిక్కంతయు అచటనే యున్నది.

క్రిమియా సంగతి చూడుడు. 2014 మార్చిలో రష్యా దానిని తనలో కలుపుకొనెను. ఆ నెల 27వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 100 దేశములు ఉక్రెయిను సరిహద్దులను సమర్థించుచు ఓటు చేసినవి. 11 దేశములు వ్యతిరేకించినవి. మన దేశముతో సహా 58 తటస్థముగ నుండినవి. పట సంస్థలో? గూగుల్ వంటివి రష్యాలో చూచువానికొక సరిహద్దును, బయట చూచువానికి వేరొక సరిహద్దును చూపినవి. పటము మారలేదు, చూచువాని చిరునామా మారినది! 2022 సెప్టెంబరు 30వ తేదీన రష్యా అధ్యక్షుడు మరి నాలుగు మండలములు తమవని ప్రకటించెను. వానిలో ఏ యొక్కటియు సంపూర్ణముగ ఆనాడు వారి స్వాధీనమున లేదని చెప్పవచ్చును. ఖేర్సన్ నగరము నవంబరు 11 నాటికే తిరిగి ఉక్రెయిను వశమైనది. ప్రకటనను చూచి పటమునకు రంగు పూసినవాడు ఆరు వారములలో అబద్ధమాడినవాడయ్యెను.

ఇందు మన సంగతియు దాచుకొన పనిలేదు. భారతదేశపు సరిహద్దులను సర్వే ఆఫ్ ఇండియా పటముల ననుసరించియే చూపవలెనని మన శాసనము విధించుచున్నది. అది స్వతంత్రదేశపు హక్కు. మేము దానిని సమర్థింతుము. కాని హక్కును చెప్పు పటము వేరు, కాపలావాడెచట నున్నాడో చెప్పు పటము వేరు. ఈ రెంటిని కలగాపులగము చేయుట దేశభక్తి కాదు.

మూడవ జాతి పటములను దినదినము సిద్ధపరచువారు లేకపోలేదు. ఉక్రెయినులో డీప్ స్టేట్ అను బృందమువారు, వాషింగ్టనులో యుద్ధాధ్యయన సంస్థవారు రణరేఖను నిత్యము సవరించి ప్రకటించుచున్నారు. యుద్ధభూమినుండి వచ్చిన ఛాయాచిత్రములను, చలనచిత్రములను అందలి కట్టడములనుబట్టి స్థలము నిర్ణయించి, ఉపగ్రహ చిత్రములతో సరిచూచి గీయుట వారి పద్ధతి. ఐక్యరాజ్యసమితి ఉపగ్రహ కేంద్రము మరియుపోల్ మొదలగు నగరములలో కూలిన కట్టడములను లెక్కించి పటములు వెలువరించినది. ఇవి మేలైనవే. కాని మొదటివారు యుద్ధమున ఒక పక్షపు పౌరులు. రెండవవారు అమెరికా దేశీయులు. వారి శ్రమను గౌరవింపవలెను, వారి కన్నులతోనే చూడవలసిన అగత్యము మాత్రము లేదు. ఏ పటమునైనను నాలుగు ప్రశ్నలడుగవలెను. ఏ తేదీ నాటిది? గీచినదెవరు? దేనినిబట్టి గీచిరి? తెలియని చోటును తెలియదని చూపిరా? ఈ నాలుగింటికి బదులు చెప్పలేని పటము ఎంత సుందరమైనను త్యాజ్యము. బదులు చెప్పినదానిని కూడ మరియొకదానితో సరిపోల్చిన పిదపనే నమ్మవలెను.

పటమును ప్రజల కందకుండ దాచినచో నేమగునో మనకు తెలియనిది కాదు. 1947 జూలై 8వ తేదీన ఈ దేశమున అడుగిడిన రాడ్‌క్లిఫ్ దొర అయిదు వారములలో పంజాబును, వంగదేశమును చీల్చు గీత గీచెను. ఆ గీత ప్రకటితమైనది ఆగస్టు 17న, స్వాతంత్ర్యము వచ్చిన రెండు దినములకు. తమ యూరు ఏ దేశములో నున్నదో తెలియకయే లక్షలాది జనులు స్వాతంత్ర్యోదయమును చూచిరి. ఆ యజ్ఞానమునకు వారు చెల్లించిన వెల యెంతయో చరిత్ర యెరుగును.

ఉక్రెయినునుండి సుమారు 22,500 మంది మనవారు స్వదేశమునకు చేరిరి. ఆ కార్యమును నడపినవారిని అభినందింపవలసినదే. కాని అది ఒక్కమారు వచ్చిపోయిన ఆపద కాదు. మరుసటి యేడాది ఏప్రిలులో సూడానున అంతర్యుద్ధము చెలరేగగా, ఖార్టూమ్ నుండి మనవారు వందల కిలోమీటర్లు రోడ్డుమీద పయనించి పోర్టు సూడానుకు చేరవలసివచ్చెను. మన బిడ్డలు చదువులకు, కూలికి లోకమంతట వ్యాపించియున్నారు. రేపటి యుద్ధమేచట వచ్చునో ఎవ్వరెరుగుదురు?

కావున మేము కోరునది స్వల్పము. విదేశాంగ శాఖవారు ఇకమీదట ఊరు విడువుడని హెచ్చరించునపుడు ఊళ్ల పేరులతో సరిపెట్టక, తేదీయు గంటయు వేసిన మార్గపటమును గూడ జతపరుపవలెను. దానిని తెలుగు మొదలగు దేశభాషలలో సైతము ప్రకటింపవలెను. 2021 ఫిబ్రవరిలో ప్రభుత్వము పటనిర్మాణముపై నున్న అనుమతుల కట్లను మన సంస్థలకు సడలించినది గనుక, ఉపగ్రహములు గల ఈ దేశమునకు ఇది అలవికాని పని కాదు. మన కళాశాలలు పటమును చదువుట నేర్పవలెను. ఇక మాబోటి పత్రికలు తేదీ లేని యుద్ధపటమును అచ్చువేయుట మానవలెను. ఈ చివరి నియమమును మేము నేటినుండియే పాటింతుము.