స్తంభాల నడుమ చోటు

గుండుగొలను పేరులోనే కొలను ఉన్నది. ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ నడుమ జాతీయ రహదారి మీద ఉన్న ఈ ఊరు దాటి దక్షిణంగా పోతే కొల్లేటి పల్లపు భూములు ఎదురవుతాయి. ఈ ప్రాంతంలో ప్రతిదినం ఏలూరు కళాశాలకు బస్సులో వెళ్ళే విద్యార్థి కిటికీలో నుంచి ఆలయ గోపురాలను చూస్తాడు, మసీదు మీనారులను చూస్తాడు, శిలువ నిలిపిన చర్చి శిఖరాలను చూస్తాడు. ఈ మూడింటిలో తన ఇంటివారు వెళ్ళేది ఏదో ఒక్కటే. దాని లోపలి భాగం అతనికి కరతలామలకం. తక్కిన రెంటి గడప కూడా అతడు తొక్కి ఉండడు. ఎందుకని అడిగితే, "అది వారిది కదా" అంటాడు.

ఆ మాటలో ద్వేషం లేదు. ఇతరుల పూజాస్థలంలోకి పిలవకుండా పోరాదన్న మర్యాదే అందులో ఎక్కువ. అయినా తరతరాలుగా పాటించిన ఆ మర్యాద క్రమంగా అజ్ఞానంగా గట్టిపడుతున్నది. కళాశాలల విహారయాత్రల పట్టికలు చూస్తే ఇది తెలిసిపోతుంది. కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి బౌద్ధ గుహలకు విద్యార్థులను తీసుకొని వెళతారు. అమరావతి చూపిస్తారు, గోల్కొండ చూపిస్తారు. గుంటుపల్లిలో ఈనాడు భిక్షువులు లేరు. కనుక అది అందరిదీ అయినది. జనం ఇంకా ప్రార్థించుకొంటున్న కట్టడమైతే మాత్రం అది చరిత్ర కాదన్నట్లు పక్కకు తప్పుకొని పోతారు. కట్టడానికి ప్రాణం పోయిన తరువాతనే దానిని గౌరవించడం వింతైన అలవాటు. ఈ అలవాటు మానవలసి ఉన్నదనడానికి ఒక్క కట్టడం సాక్ష్యం చాలు.

గుండుగొలను నుంచి ఏలూరు చేరి రైలెక్కితే విజయవాడ, ఖమ్మం మీదుగా డోర్నకల్ జంక్షన్ వస్తుంది. భద్రాచలం రోడ్డు వైపు పోయే రైలుమార్గం విడిపోయేది ఇక్కడే. ప్రస్తుతం ఇది తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలో చేరి ఉన్నది. వంద సంవత్సరాల క్రిందట నిజాం రాజ్యంలోనిది. రైలు కిటికీలో నుంచి చూచి పోయేవారికి ఇది ఎన్నో జంక్షన్లలో ఒకటి. దిగి ఊరిలోకి నడచినవారికి మాత్రం ఒక ఆశ్చర్యం కాచుకొని ఉంటుంది. ఎపిఫనీ కేథడ్రల్ అని పిలిచే అక్కడి దేవాలయాన్ని దూరం నుంచి చూచినవారు మసీదు అనుకోవచ్చు. గుమ్మటాలున్నాయి, మీనారులున్నాయి. లోనికి పోయినవారికి దక్షిణదేశపు ఆలయ మండపం గుర్తుకు వస్తుంది. వరుసలు తీరిన స్తంభాలు అటువంటివి. తలయెత్తి చూస్తే కనిపించే శిలువ ఇది క్రైస్తవ దేవాలయమని చెబుతుంది.

దీనిని సంకల్పించినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన తెలుగువాడు కాడు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో జన్మించిన తమిళుడు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి, 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చి, ఆ తెలుగు పల్లెల మధ్యనే తక్కిన జీవితమంతా గడిపినాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కేథడ్రల్‌లో ఆయనకు బిషప్ పట్టాభిషేకం జరిగినది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవిని పొందిన మొదటి భారతీయుడు ఆయనే. కృష్ణా డెల్టాలో, 1841లో మచిలీపట్నం చేరిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే మిషనరీలు ఆరంభించిన సంఘాలు కూడా తరువాత ఆయన అధ్యక్ష మండలంలో చేరినవి. కనుక కొల్లేటి పరిసరాల వారికి డోర్నకల్ పరాయి ఊరు కాదు.

బిషప్ కావడానికి రెండేళ్ళు ముందు, 1910లో, ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య ఒక ప్రసంగం చేసినాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది అయిదు. సభ నిండా పాశ్చాత్యులు. వారు చేసిన త్యాగాలనన్నింటినీ ఆయన కృతజ్ఞతతో తలచుకొన్నాడు. తలచుకొని, మీ నుంచి మాకు ఇంకా అందనిది ఒకటి ఉన్నది, అది స్నేహం అన్నాడు. దానధర్మాలు పైవాడు క్రిందివానికి చేయగలడు. స్నేహం సమానుల నడుమనే సాధ్యం. ఆ మాట సభలో కొందరికి నచ్చలేదు. దొరల సభలో నిలిచి ఈ మాట అన్న మనిషి, తాను కట్టించబోయే దేవాలయం దొరల దేశపు చర్చికి నకలుగా ఉండాలని కోరుకోకపోవడంలో ఆశ్చర్యమేమున్నది?

డోర్నకల్ గురించి చెప్పేటప్పుడు మెదకు పేరు ఎత్తక తప్పదు. రెండు దేవాలయాలకూ పని మొదలైనది 1914లోనే. మెదకు దేవాలయాన్ని చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఆంగ్లేయ మిషనరీ కట్టించినాడు. పదేళ్ళలో పూర్తయి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకొన్నది. యూరపులోని గోథిక్ కట్టడాల పద్ధతి దానిది. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడు రూపొందించిన రంగుటద్దాల కిటికీలను చూడడానికి ఈనాటికీ జనం వెళుతుంటారు. ఎండ పడినప్పుడు ఆ అద్దాల నుంచి వచ్చే వెలుగు నిజంగానే అద్భుతం. అయితే ఆ కిటికీల గురించి చెప్పేవారు, కరువు కాలంలో అక్కడ రాళ్ళు మోసి కూలిగా కడుపునిండా అన్నం తిన్న పల్లెజనం గురించి కూడా అంతే శ్రద్ధగా చెబితే బాగుండును. కిటికీ ఇంగ్లండు నుంచి వచ్చినది. దానిని నిలబెట్టిన గోడ తెలుగు కూలీల చెమటతో లేచినది.

డోర్నకల్ దేవాలయానికి పట్టిన కాలం పదేళ్ళు కాదు, పాతికేళ్ళు. 1914లోనే ప్రపంచ యుద్ధం మొదలైనది. అజరయ్య సంఘస్థులలో అత్యధికులు నిరుపేదలు. ఇంట్లో వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి దేవుని పేర వేరుగా దాచిపెట్టే ఆచారాన్ని ఆయన ప్రోత్సహించినాడు. పిడికెళ్ళు లెక్కించుకొనే సంఘంలో పెద్ద కట్టడం త్వరగా పైకి లేవదు. చివరకు 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠ జరిగినది. శిశువైన క్రీస్తును చూడడానికి తూర్పు దేశపు జ్ఞానులు వచ్చిన సందర్భాన్ని తలచుకొనే పండుగ అది. ఇంటివారికంటె ముందుగా పరదేశులు గుర్తించిన దినమన్నమాట. అన్య మతస్థుడైన విద్యార్థి ఒక చర్చి గడప తొక్కడానికి సందేహిస్తే, ఆ పండుగ పేరే అతనికి ఆహ్వానపత్రం.

ఇప్పుడు స్తంభాల సంగతి చెప్పుకోవాలి. ఈ వ్యాసంలో ముఖ్యమైనది అదే. డోర్నకల్ సంఘంలో చేరిన కుటుంబాలలో అధికభాగం మాల, మాదిగ కులాలవారు. ఊరి వెలుపల వాడలలో ఉంచబడినవారు. ఊరి ఆలయంలోని మండపాన్ని కట్టడానికి వీరి పూర్వులు రాయి మోసి ఉండవచ్చు, మట్టి తవ్వి ఉండవచ్చు. కట్టడం పూర్తయి దేవుడు లోపలికి వచ్చిన తరువాత మాత్రం ఆ మండపంలో నిలబడే హక్కు వారికి లేదు. స్తంభం మీద శిల్పి చెక్కిన పద్మం ఎట్లా ఉంటుందో వారు దూరం నుంచి ఊహించుకోవలసినదే. అటువంటి వారికోసం దేవాలయం కట్టబూనినవాడు ఆ స్తంభాలనూ, ఆ మండపాన్నీ వదలిపెట్టి, వాటితో సంబంధం లేని విదేశీ నమూనాను తెచ్చుకొని ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. అజరయ్య అట్లా చేయలేదు. ఏ స్తంభాల నడుమ వారికి చోటు లేదన్నారో అటువంటి స్తంభాలనే నిలబెట్టి, వాటి నడుమ వారిని కూర్చుండబెట్టినాడు.

అదే 1939వ సంవత్సరం జూలై 8న మధురలో ఎ. వైద్యనాథ అయ్యర్ నాయకత్వంలో దళితులు మీనాక్షి ఆలయంలో ప్రవేశించినారు. ఆలయ ప్రవేశానికి అనుకూలంగా మద్రాసు ప్రభుత్వం ఆ ఏడే చట్టం చేసినది. ఏలూరు, తాడేపల్లిగూడెం అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. రెండు సంఘటనల మధ్య ఆరు నెలల వ్యవధి. ఒకచోట వందల ఏళ్ళనాటి మండపం తలుపు తెరచుకొన్నది. మరొకచోట కొత్త మండపమే లేచినది. ఈ రెండింటిలో ఏది సరైన మార్గమన్న విషయంలో ఆనాటి పెద్దల మధ్య తీవ్రమైన వాదం జరిగినది. 1930లలో మతాంతరీకరణను గురించి గాంధీజీకీ అజరయ్యకూ ఏర్పడిన అభిప్రాయభేదం చిన్నదేమీ కాదు. ఆ వాదంలో ఎవరి పక్షం వహించాలన్నది ప్రతి విద్యార్థీ చదివి, ఆలోచించి, తనకు తాను తేల్చుకోవలసిన విషయం. అయితే ఆ రెండు మండపాలలో ఒకదానినైనా చూడకుండా తేల్చుకొన్నదానికి విలువ తక్కువ. మరొకటి కూడా దాచరాదు. దేవాలయం మారినంత మాత్రాన కులం మాసిపోలేదు. సంఘాల లోపల కూడా అది మిగిలియే ఉన్నది. రాతిని మలచడం సులభం. మనిషిని మలచడానికి పాతికేళ్ళు చాలవు.

తెలుగు సాహిత్యం చదువుకొన్నవారికి అజరయ్య పని కొత్తగా తోచదు. నన్నయ భారతాన్ని మాటకు మాటగా దించలేదు. సంస్కృత కథను తెలుగు నుడికారంలోకి, తెలుగు ఛందస్సులోకి ఒదిగించినాడు. పందొమ్మిదవ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరి క్రైస్తవ భక్తిని ఇంగ్లీషు వరుసలలో కాక రాగతాళాలు గల కీర్తనలలో చెప్పినాడు. వాటిని నేటికీ చర్చిలలో పాడుతున్నారు. దూరదేశం నుంచి వచ్చిన భావానికి ఇక్కడి మట్టితో ఇల్లు కట్టడాన్నే మన పూర్వులు తెనిగించడం అన్నారు. నన్నయ పద్యంలో, చౌదరి పాటలో చేసిన పనిని అజరయ్య రాతిలో చేయించినాడు. ఈ మాట అతిశయోక్తి అనిపించినవారు డోర్నకల్ వెళ్ళి చూచి కాదనవచ్చు.

ఇక ఇంటి దగ్గరి సంగతి. గోదావరి, కృష్ణా జిల్లాలలో ప్రాత చర్చిలను పడగొట్టి క్రొత్తవి కట్టడం ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నది. సున్నపు గోడలు, దూలాలు, పెంకుల కప్పు పోయి, కాంక్రీటు శిఖరం, అద్దాల ముఖద్వారం వస్తున్నవి. ఏ ఊరి చర్చి ఏదో పోల్చుకోలేనట్లు అన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటున్నవి. ఆలయాలకూ ఇదే గతి పడుతున్నది. ప్రాత రాతి మండపానికి రంగులు పూసి, పలకలు పరచి శిల్పాన్ని కప్పివేసిన ఊళ్ళు తక్కువ లేవు. దీనికి సంఘస్థులు చెప్పే సమాధానంలో న్యాయం ఉన్నది. జనం పెరిగినారు, చోటు చాలదు, వానకు కప్పు కారుతున్నది, పండుగనాడు సగం మంది ఎండలో నిలబడవలసి వస్తున్నది. అక్కడ ప్రార్థించుకొనేవారు వారు. మరమ్మతుకు చందా ఇచ్చేవారూ వారే. ఏడాదికొకసారి చూడడానికి వచ్చేవాడు వారికి నీతులు చెప్పడం తగదు.

అయినా ఒక మాట చెప్పక తప్పదు. చూడడానికి వచ్చేవారే లేకపోవడం కూడా ప్రాత కట్టడాల కూల్చివేతకు ఒక కారణం. ఊరిలో ఎవరూ విలువ కట్టని వస్తువును దాని యజమాని మాత్రం ఎంతకాలం దాచుకొంటాడు? ఇరుగుపొరుగువారు వచ్చి, ఈ దూలం ఏనాటిది, ఈ గంట ఎక్కడి నుంచి వచ్చినది, ఈ గోడ ఎవరు కట్టినారు అని అడిగితే, అడిగించుకొన్నవారికి తమ ఇంటి విలువ క్రొత్తగా తెలుస్తుంది. పక్కనే క్రొత్తది కట్టుకొని ప్రాతదానిని నిలుపుకొందామన్న ఆలోచన అప్పుడు పుట్టవచ్చు. పరాయి విద్యార్థి చర్చి గడప తొక్కడంలో ఇంత ప్రయోజనం ఉన్నది. రక్షణ శాఖల వారు ప్రతి పల్లెకూ రాలేరు. బస్సులో ప్రతిదినం ఆ దారిన పోయే విద్యార్థి రాగలడు.

వెళ్ళేవారు తెలుసుకోవలసిన మర్యాదలు కొద్దివే. ఆరాధన జరుగుతుంటే వెనుక బల్ల మీద మౌనంగా కూర్చోవాలి, లేదా ముగిసేవరకు బయట వేచి ఉండాలి. గుమ్మం దగ్గర చెప్పులు కనబడితే తామూ విడవాలి. ప్రార్థించుకొంటున్న మనిషి ముఖాన్ని ఫోటో తీయరాదు. లోపల చూడదలచుకొన్నప్పుడు గురువుగారినో, తాళంచెవి ఉంచుకొన్న పెద్దమనిషినో ముందుగా అడగడం మంచిది. చాలాచోట్ల వారే వెంట వచ్చి చూపిస్తారు. మధ్యాహ్నమైతే మజ్జిగ కూడా ఇస్తారు.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసినాడు. తాను కట్టించిన స్తంభాల నడుమ ఆయన ప్రార్థించినది ఆరు సంవత్సరాలు మాత్రమే. ఆయన ఎంతగానో కృషిచేసిన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడినది. దానిని చూచే భాగ్యం ఆయనకు కలుగలేదు. డోర్నకల్ ప్రయాణానికి ఒక పూర్తి దినం కావాలి. అది వీలుపడనివారికి దగ్గరలో మరొక పని ఉన్నది. ప్రాత చర్చిల గోడలకు తరచుగా ఒక శిలాఫలకం ఉంటుంది. శంకుస్థాపన తేదీ, కట్టించినవారి పేర్లు, ఒక్కొక్కచోట చందాదారుల ఊళ్ళ పేర్లు దాని మీద చెక్కి ఉంటాయి. గోడ పడినప్పుడు ఆ రాయి ఇటుక ముక్కలతో పాటు గుంటలోకి పోతుంది. సొంత ఊరిలోనో పక్క ఊరిలోనో అక్షరాలు ఇంకా అరిగిపోని ఫలకం ఉంటే, ఈ సెలవులలో ఒక నోటుపుస్తకం పట్టుకొని వెళ్ళి, ఉన్నది ఉన్నట్లు ఎత్తి వ్రాసుకొని రావచ్చు.