దీపం ఎదుటే విరిగిన ఓడలు



లైట్‌హౌస్ అనగానే మనకు సముద్రమే గుర్తుకొస్తుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో సుపీరియర్ అనే మంచినీటి సరస్సు ఒడ్డున కూడా ఓ సాబుల్ అనే పాత లైట్‌హౌస్ ఉంది. సరస్సే గదా అనుకోకండి. దాని విస్తీర్ణం సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు. అవతలి ఒడ్డు కనబడదు. అక్కడ నీళ్ల కింద రాతిబండ దాదాపు మైలు దూరం లోపలికి సాగి ఉంది. దానికి తోడు దట్టమైన పొగమంచు. అందుకే సుమారు 87 అడుగుల స్తంభం కట్టి, 1874లో దీపం వెలిగించారు.

చూడబోయేవారు హరికేన్ నది దగ్గర నుండి ఒకటిన్నర మైళ్లు నడవాలి. ఆ దారిలో ఒడ్డున పాత చెక్క ఓడల దూలాలు, వాటిలోనుండి పొడుచుకొచ్చిన ఇనుప మేకులు కనబడతాయి. మేరీ జరెక్కి అనే ఓడ 1883లో, సిట్కా 1904లో, గేల్ స్టేపుల్స్ 1918లో అక్కడ చిక్కుకుపోయాయి. ఆ సంవత్సరాలు మళ్లీ చూడండి. మూడూ దీపం వెలిగించిన తరువాతే.

అలాంటప్పుడు ఆ దీపం వల్ల లాభమేమిటి అని ఎవరైనా అడుగుతారు. ఆ లెక్క తప్పని నేనంటాను. విరిగిన ఓడ ఒడ్డున పడి ఉంటుంది, నూరేళ్ల తరువాత కూడా వేలు పెట్టి చూపించవచ్చు. దీపం చూసి చుక్కాని తిప్పుకొని క్షేమంగా వెళ్లిపోయిన ఓడ ఇసుకలో గుర్తేమీ వదలదు. దీపం బండను తొలగించదు, ఓడవాడి చేతిలోని చుక్కానిని లాక్కోదు. అపాయం ఎక్కడుందో చెబుతుంది, అంతే.

1958లో దానంతటదే వెలిగే ఏర్పాటు వచ్చేదాకా అక్కడ కాపరులుండేవారు. ఓడలు తిరిగే కాలమంతా ప్రతి రాత్రీ మెట్లెక్కి దీపం చూసుకోవాలి. తమవల్ల ఎన్ని ఓడలు తప్పించుకున్నాయో వాళ్లకు తెలిసే వీలే లేదు. ఓడ విరిగిన మర్నాటి రాత్రి కూడా దీపం వెలిగించవలసిందే.

మన పల్లె సంఘాల్లో ఏం జరుగుతోంది? సండేస్కూలు టీచరమ్మ ఏళ్ల తరబడి పిల్లలకు చెబుతుంది. వాళ్లలో ఒక కుర్రాడు తాగుడులో పడగానే "నువ్వు చెప్పిన వాక్యం ఏమైందమ్మా?" అంటాం. కూలి డబ్బులు తిన్నగా తల్లి చేతిలో పెడుతున్న మిగతా పిల్లలను లెక్కలోకి తీసుకోం. చివరికి ఆమె కూడా ఆ మాటే నమ్మి మానేస్తుంది. పడినవాడి కోసం ఏడవాలి, వెళ్లి చెయ్యి అందించాలి. కాని వాణ్ణి చూపించి దీపం ఆర్పేస్తే, వెనక వస్తున్న పిల్లలకు దారి ఎవరు చూపిస్తారు?

ఈ ఆదివారం మీ సండేస్కూలు టీచరమ్మ దగ్గరకు వెళ్లి, ఆమె చెప్పిన ఏ మాట మీ బిడ్డను నిలబెట్టిందో ఆమెతో చెప్పండి. ఆమెకు అది తెలిసే దారి ఇంకొకటి లేదు.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమెన్.