నీటి లెక్క ఊరికీ తెలియాలి

మా హాస్టల్లో గోదావరి, శబరి ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళం చాలామందిమి ఉన్నాం. వానాకాలం వస్తే స్టడీ అవర్లో మా కళ్ళు పుస్తకం మీద ఉన్నా, మనసు ఇంటి దగ్గరే ఉంటుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెలు మాకు ఎక్కాల్లాగా నోటికి వచ్చు. 1986లో నీరు 75.6 అడుగులకు వచ్చిందని పెద్దలు చెబుతారు. 2022 జూలైలో 71.3 అడుగులు రావడం మేమే చూశాం. అప్పుడు ముందు కరెంటు పోయింది, తరువాత ఫోన్లు మూగబోయాయి. అమ్మానాన్నలు గట్టు ఎక్కారో లేదో తెలుసుకునే దారే లేకపోయింది.

సెల్ టవర్ లేని చోట కూడా పనిచేసే సాధనాలు నేడు ఉన్నాయి. వంతెనకు బిగించిన రాడార్ యంత్రం నీటి మీదికి తరంగాలు పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి నీటిమట్టం లెక్కగడుతుంది. వానమాపకంలో చిన్న తొట్టి నిండినప్పుడల్లా ఒరుగుతుంది. ఎన్నిసార్లు ఒరిగితే అంత వాన. సోలార్ పలక, బ్యాటరీ, యాంటెన్నా ఉంటే చాలు, ఆ అంకెలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులోని ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా దూరంలోని కేంద్రానికి చేరతాయి. 2013లో పంపిన ఇన్‌శాట్-3డి, 2016లో పంపిన 3డీఆర్ ఉపగ్రహాలలో ఇందుకోసమే ప్రత్యేక పరికరం అమర్చారు.

శబరి ఒడిశా కొండల్లో పుట్టి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి వెనక్కి తన్నుతుంది. ఏటి రంగు చూసి వరద చెప్పగల పెద్దలు మాకున్నారు. కానీ ఎగువ కొండల్లో రాత్రి పడిన వాన వారి కంటికి కనబడదు. యంత్రానికి తెలుస్తుంది.

అయితే మా అభిప్రాయం ఒక్కటే. ఆ అంకె ఆకాశానికి వెళ్ళి కార్యాలయంలో దిగితే సగం పనే అయినట్టు. అది తిరిగి మా ఊరికి రావాలి. 2004 సునామీ తరువాత, 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. సముద్రం అడుగున ఉన్న పరికరాలు ఉపగ్రహం ద్వారా దానికి కబురు పంపుతాయి. అంతటితో ఆగకుండా ప్రజలకూ తర్ఫీదు ఇచ్చారు. అందుకే ఒడిశాలోని రెండు తీర గ్రామాలకు 2020లో సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్ళుగా యునెస్కో గుర్తింపు వచ్చింది. ఏటి ఒడ్డు ఊళ్ళకు అలాంటి సన్నద్ధత ఎందుకు ఉండకూడదు?

కావున మేము కోరేది ఇది. కరెంటు లేకపోయినా మోగే సైరన్, తెలుగులో నీటిమట్టం రాసే బోర్డు ప్రతి ముంపు ఊరిలో ఉండాలి. తొట్టిలో ఆకులు పడితే వాన లెక్క తప్పుతుంది, పలక మీద తీగ పాకితే యంత్రం ఆగుతుంది. వాటిని చూసుకునే పని ఆ ఊరి యువతకే జీతమిచ్చి అప్పగించాలి.

ఇక మన వంతు. డిప్లొమా, ఇంజనీరింగ్ చదివిన మన పూర్వ విద్యార్థులు ఒక ఆదివారం వచ్చి ఈ యంత్రాల సంగతి తమ్ముళ్ళకు చెప్పాలి. హాస్టల్ ఆవరణలో ఒక మామూలు వానమాపకం పెడితే రోజూ లెక్క రాసే బాధ్యత మాది. నీటి లెక్క నేర్చిన పిల్లవాడు ఇంటికి వెళితే, ఆ ఊరికి ఒక కాపలాదారు దొరికినట్టే.