వంచుట వేఱు, విఱుచుట వేఱు

“మొక్కై వంగనిది మ్రానై వంగునా” యను సామెత మన నాట్యశాలలలో బలప్రయోగమునకు అనుమతిపత్రమైనది. ఇటీవల నొకచోట తొమ్మిదేండ్ల బాలికను కప్పవలె బోరగిల పరుండబెట్టి, నడుముపై చేతులూని అదుముచుండగా జూచితిని. పిల్ల కన్నీరు పెట్టుచున్నది. ప్రక్కనున్న తల్లి “ఓర్చుకో తల్లీ, విద్య ఊరకే వచ్చునా?” యనుచున్నది. నా వాదము ఆ తల్లితోనే.

మన అరమండికిని పాశ్చాత్యుల బ్యాలేకును పోలిక కలదు. రెంటను పాదములు వెలుపలికి తిరుగవలెను. ఆ తిరుగుడు తుంటికీలునుండి రావలెనే గాని మోకాలినుండి కాదు. తుంటిగిన్నె లోతు ఒక్కొక్కరి కొక్కొక తీరు. ఎముకకు ఎముక తగిలినచోట ఎంత యదిమినను ఫలము లేదు; ఆ లోటును మోకాలు, చీలమండ, నడుము తీర్పవలసివచ్చును. కీళ్లను బంధించు పట్టీలు మితిమీరి సాగెనా, మునుపటి బిగువు మరల రాదు.

బ్యాలే తరగతి క్రమమును జూడుడు. కమ్మి పట్టుకొని మోకాళ్లను మెల్లగా వంచు ప్లియేతో మొదలగును. కాలిని ఎత్తుగా విసరు గ్రాంబాట్మా తుదకు వచ్చును. ముందు వేడి, పిదప సాగుదల. నాట్యమునకు ముందు పది నిమిషములు నడక, తేలికైన కాలి ఊపులు చాలును. అప్పుడే నిమిషమునకు మించి కండరమును సాగదీసి నిలిపినచో దుముకుటలో బలము తగ్గును. నాట్యమైన పిదప ఒక్కొక్క సాగుదలను ముప్పది సెకండ్లు, ఊపిరి బిగబట్టక, పిల్ల తనంత తానే నిలుపవలెను. కండరము లాగినట్లుండిన మంచిదే. కీలులో పోటు పుట్టిన వెంటనే మానవలెను. ఎదుగు వయస్సున ఎముక ముందు పెరుగును, కండరము వెనుకబడును. అప్పటి బిగువు సోమరితనము కాదు.

“మా గురువులు ఇట్లే నేర్పిరి” అందురా? నిలిచినవారిని రంగముపై జూచితిమి. మోకాలు చెడి ఇల్లు చేరినవారిని ఎవరు లెక్కించిరి?

మెలట్టూరి భాగవతమేళము మూలమున తమిళనాట తెలుగు మాట తరతరములుగ రంగముపై నిలిచినది. తెలుగు చదువనేరని మన పిల్లలకు నేడు ఆ భాష పదాభినయముననే దక్కుచున్నది. పదునాఱేండ్లకే కీలు చెడి గజ్జె విప్పిన బాలిక, గజ్జెతోపాటు ఆ మాటను గూడ విడుచును.

మొక్కను వంచువాడు దినమున కొక వ్రేలెడు వంచును. ఒక్కనాట వంచబోయినవాడు విఱుచును. అమ్మలారా, ఇకనైన నాట్యశాలలో ఆ చేతులను అడ్డుకొనుడు.