డిగ్రీ విలువ, అప్పు బరువు

అరకు సంతలో గుడ్డలో, గాజులో, ప్లాస్టిక్ సామానో అమ్ముకుని బతికే ఒక ముస్లిం కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇంటి అమ్మాయి అరకులోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బి.ఏ. పూర్తిచేసింది. సమాజశాస్త్రంలో ఎం.ఏ. గానీ, ఎం.ఎస్.డబ్ల్యూ. గానీ చదవాలని ఆమె కోరిక. తండ్రి అడిగే ప్రశ్న ఒక్కటే: "అది చదివితే నెలకు ఎంతొస్తుందమ్మా?" బంధువుల సలహా కూడా ఒక్కటే: "ఆ చదువుకు అప్పు చేయడం దండగ, వేరే ఏదైనా చూడండి."

ఆ తండ్రి ప్రశ్నను తేలిగ్గా తీసిపారేసే హక్కు మనకు లేదు. పేదవాడికి లెక్క చూసుకోవడం పిసినారితనం కాదు, బాధ్యత. అయితే లెక్క వేసేటప్పుడు చదువు విలువను, అప్పు బరువును వేర్వేరుగా తూచాలి. రెండింటినీ ఒకే మూటగా కట్టినందువల్లనే "సామాజికశాస్త్రాలు అన్నం పెట్టవు" అన్న మాట మన ఇళ్లలో సామెతలా స్థిరపడిపోయింది.

ముందు అప్పు సంగతి చూద్దాం. రెండేళ్ల కోర్సుకు ఒక ప్రైవేటు సంస్థలో ఫీజు, హాస్టలు కలిపి 3 లక్షల రూపాయల బ్యాంకు రుణం తీసుకున్నారనీ, వడ్డీ 11 శాతం అనీ అనుకుందాం. చదివే రెండేళ్లు, ఆపైన ఉద్యోగం వెతుక్కునే ఒక ఏడాది కంతు కట్టనక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు. సాధారణ వడ్డీ లెక్కన చూసినా ఆ మూడేళ్లలో 99 వేలు అవుతుంది. అసలుతో కలిపి 3 లక్షల 99 వేలను ఐదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 8,700 రూపాయలు కట్టాలి. అంటే 3 లక్షల అప్పు తీరేనాటికి 5 లక్షల 20 వేలు దాటుతుంది. ఆ అమ్మాయికి పాడేరులో ఏదో ఒక స్వచ్ఛంద సంస్థలో 15 వేల జీతం దొరికిందనుకున్నా, కంతు పోగా చేతిలో మిగిలేది 6,300. గది అద్దె, తిండి, ప్రయాణాలు అందులోనే. ఇక ఇంటికి పంపేదేమిటి?

ఈ లెక్కలో తప్పు చదువుది కాదు, వడ్డీది. వడ్డీ మనకు నిషిద్ధమన్నది ధర్మం చెప్పిన మాట. తొలి జీతం అందకముందే అసలులో మూడోవంతు వడ్డీగా పేరుకుంటుందన్నది అంకెలు చెప్పిన మాట. ఇక్కడ రెండూ ఒకే వైపు చూపుతున్నాయి.

ప్రభుత్వ సాయం ఉంది కదా అంటారు. ఉన్నంతలో దాని హద్దులు తెలుసుకోవాలి. విద్యారుణాలపై కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ఉద్దేశించినదే అయినా, అది వృత్తి, సాంకేతిక కోర్సుల కోసం రూపొందినది. సాధారణ ఎం.ఏ.కు అక్కడ చోటులేదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఎంపికచేసిన సంస్థలకే పరిమితం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరునాటి జీవో 77 ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంటును నిలిపివేసింది. మైనారిటీ పరిశోధక విద్యార్థులకు 2009 నుంచి ఊతమిచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేసినట్లు 2022 డిసెంబరులో కేంద్రం పార్లమెంటులో ప్రకటించింది. ఒక సంతకంతో వచ్చింది మరో సంతకంతో పోగలదు. అలాంటి దానిని నమ్ముకుని అప్పుపత్రంపై సంతకం చేయడం వివేకం కాదు.

మన్యంలో బతికే కుటుంబానికి మరో పరిమితి ఉంది. జనం నోట 1/70గా నానిన భూబదలాయింపు చట్టం ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి చేతులు మారడాన్ని నిషేధిస్తుంది. కాబట్టి పెద్ద రుణానికి హామీగా చూపడానికి అక్కడి ముస్లిం వ్యాపారికి భూమి ఉండదు. దీనికి గిరిజనులపై కినుక పడనక్కర్లేదు. మైదానం నుంచి వచ్చినవారు కొండల భూమిని అప్పుల పేరుతో కాజేసిన చరిత్రకు ఆ చట్టం సమాధానం. వడ్డీ ఒక జాతిని భూమికి ఎలా దూరం చేస్తుందో చూడాలంటే మనం పుస్తకాలు తిరగేయనక్కర్లేదు. తూర్పు కనుమలే చెబుతాయి.

ఉపాధి విషయంలోనూ ఇదే నిదానం అవసరం. షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. ఆ తీర్పుతో గిరిజన యువతకు ఉన్న ఒక్క భరోసా సడలింది. దానిని మన పిల్లలకు తెరుచుకున్న తలుపుగా చూసేవారున్నారు. అది పొరపాటు. పక్కింటి దీపం ఆర్పితే మన ఇంట వెలుగు పెరగదు.

మరి ఇంత ఇబ్బంది ఉన్నప్పుడు ఆ చదువు ఎందుకు? ఎందుకంటే మన హక్కుల వ్యాజ్యాలన్నీ చివరికి ఆ చదువు దగ్గరికే వచ్చి ఆగాయి. 2005లో రాష్ట్రం ఇచ్చిన ఐదు శాతం ముస్లిం రిజర్వేషన్‌ను హైకోర్టు కొట్టివేసింది. పి.ఎస్.కృష్ణన్ నివేదిక, బీసీ కమిషన్ సిఫారసుల మీద 2007లో వచ్చిన బీసీ-ఇ నాలుగు శాతాన్నీ 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో రద్దుచేసింది. వెనుకబాటుతనాన్ని కొలిచిన తీరు సరిగా లేదన్నది అక్కడి ముఖ్యమైన ఆక్షేపణ. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మనకు ఊపిరి పోసింది. అంటే మన పేదరికం అబద్ధమని ఎవరూ అనలేదు, దానిని నిరూపించిన పద్ధతి చాలదన్నారు. 2006లో సచార్ కమిటీ నివేదిక దేశాన్ని కదిలించిందంటే, దాని వెనుక అంకెలను పేర్చి మాట్లాడించగల ఆర్థికవేత్తలు ఉన్నారు.

అరకు పక్కనే మరో ఉదాహరణ ఉంది. అనంతగిరి మండలంలో బొర్రా పరిసరాల గనుల లీజులపై సమత అనే చిన్న స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1997లో గెలిచింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని ఆ తీర్పు తేల్చింది. కొండ మీద ఎవరి సాగు ఎక్కడుందో, ఏ లీజు ఏ నిబంధనను దాటిందో ఓపికగా తెలుసుకునేవారు లేనిదే అలాంటి వ్యాజ్యాలు నిలబడవు. ఈ పని నేర్పే చదువును దండగ అనగలమా?

కాబట్టి నా అభిప్రాయం ఇది. సామాజికశాస్త్రాలు చదవాలి, కానీ వడ్డీ అప్పుతో చదవకూడదు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్, సమాజశాస్త్రం, మానవశాస్త్రం, అర్థశాస్త్రం శాఖలున్నాయి. 2019లో ఏర్పడిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం దగ్గరే ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు వస్తే వెళ్లాలి. రాకపోతే ఒక ఏడాది చిన్న పని చేసుకుంటూ ప్రవేశపరీక్ష మళ్లీ రాయాలి. ఆ ఏడాది వృథా కాదు. అప్పుచేసి కొన్న సీటు ఎనిమిదేళ్లు మెడకు చుట్టుకుంటుంది. డిగ్రీతోపాటు సర్వే చేయడం, లెక్కల పట్టికలు తయారుచేయడం, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నివేదిక రాయడం నేర్చుకోవాలి. జీతం పెంచేవి అవే. సర్వీస్ కమిషన్ పరీక్షల్లో అడిగే చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ కూడా ఈ చదువులో భాగమేనని తల్లిదండ్రులు గుర్తించాలి.

మిగిలిన ఖర్చు ఎవరు భరించాలి? ఇక్కడ ప్రశ్న ఆ తండ్రి నుంచి జమాఅత్ వైపు తిరుగుతుంది. ఖర్జె హసనా గురించి మన వేదికల మీద ఎంతో వింటాం. ఒక ఎం.ఏ. విద్యార్థికి ఆ మాట ఎన్నిసార్లు డబ్బుగా మారింది? విశాఖ, విజయనగరం, అనకాపల్లి మసీదు కమిటీలు కలిసి ఒక చిన్న విద్యానిధి పెట్టడం అసాధ్యమేమీ కాదు. అప్పును కాగితం మీద రాసుకుని సాక్షులను పెట్టుకోవాలని దివ్యఖురాన్ వివరంగా నిర్దేశించింది. ఆ ప్రకారమే పత్రం రాసుకోవచ్చు. పైన చెప్పిన 3 లక్షలే వడ్డీ లేకుండా ఇస్తే ఐదేళ్లపాటు నెలకు 5 వేలతో తీరిపోతుంది. జీతం తక్కువైతే కంతు తగ్గించి గడువు పెంచవచ్చు. నిజంగా చేతకాని పరిస్థితి వస్తే, జకాత్ అందుకునే ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో చిక్కుకున్నవారు ఒక వర్గమని మరవరాదు. తిరిగొచ్చిన ప్రతి రూపాయి మరో విద్యార్థికి చేరుతుంది.

ప్రభుత్వాన్ని అడగవలసింది అడుగుదాం. రద్దయిన ఫెలోషిప్‌ను పునరుద్ధరించమందాం. విద్యా సాయాన్ని వృత్తి కోర్సుల గీత దాటించి ఎం.ఏ. విద్యార్థికీ వర్తింపజేయమందాం. కానీ ఆ సమాధానం వచ్చేదాకా అరకులోని ఆ అమ్మాయి దరఖాస్తు గడువు ఆగదు.

"ఎంతొస్తుంది?" అని తండ్రి అడగడం న్యాయమే. "ఎంత కావాలి?" అని అతణ్ని అడగవలసినవాళ్లం మనం.